తేనెటీగ ఏ శాఖ ఈగ?

తేనెటీగ లేకపోతే పంట లేదు, పంట లేకపోతే మనిషి లేడు, మనిషి లేకపోతే కార్యాలయం లేదు. తాడేపల్లిగూడెంలోని మధు వికాస ఉపకార్యాలయం గోడ మీద ఈ సత్యం పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. (తేనెటీగలు చదువుకునే వీలు లేదు, కిటికీలన్నిటికీ దోమతెరలు కొట్టించారు.)

కొల్లేరు పక్కన గుండుగొలను ఊరి మార్తమ్మ తేనెటీగల పెంపకం నేర్చుకున్నది అక్కడే. అవి తేనె ఇస్తాయని ఆమెకు ముందే తెలుసు. మైనం, పుప్పొడి, చివరికి కుట్టే విషం కూడా మందులకు పనికొస్తుందని ప్రొజెక్టరు మీద చూసి ముక్కున వేలేసుకుంది. ఇంటికొచ్చి కొబ్బరితోటలో పెట్టెలు పెట్టింది. ఇప్పుడు పొద్దున్నే వాటి రొద వినందే ఆమెకు కాఫీ సహించదు. భయమల్లా పక్క చేలో వరికి కొట్టే పురుగుమందుతోనే. పెట్టెలు నమోదు చేయిస్తే, మందు కొట్టేముందు రైతులు కబురు చెప్పి తీరాలని రూలుందట. అందుకే మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది.

నమోదు అధికారి నిత్యానందం గారు యాప్ తెరిచారు. కొల్లేరు చుట్టుపక్కల జనం చేపలు తప్ప మరేమీ పెంచరని ఆ యాప్‌కు గట్టి నమ్మకం.

"చెరువు లోతెంత వేయమంటారండీ?"

"చెరువేంటండీ బాబూ, అవి ఎగురుతాయండీ!"

"పోనీ, కోళ్ళలో వేసేద్దామా?"

"తేనెటీగలండీ. ఈగలు!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ," అని ఆయన తృప్తిగా 'ఈగలు' అన్నచోట నొక్కారు.

ఆ మీట పారిశుద్ధ్య విభాగానిది. మురుగుకాలవ కోసం ఊరంతా మొత్తుకున్నా కదలని ఆ విభాగం మర్నాడే పొగమిషనుతో దిగింది. మార్తమ్మ చర్చి నుంచి వచ్చేసరికి తోటంతా తెల్లటి పొగ. పెట్టెల ముందు తేనెటీగలు కుప్పలుగా రాలి ఉన్నాయి. ఆమె అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది.

"నా బంగారుతల్లుల్ని చంపేశారు కదయ్యా!"

సిబ్బంది నొచ్చుకున్నారు. "ఈగలున్నాయని మీరే ఫిర్యాదు పెట్టారు కదమ్మా," అని పొగమిషను సర్దుకున్నారు.

ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో ఆమె మళ్ళీ తాడేపల్లిగూడెం ఆఫీసుకు వెళ్ళింది. నిత్యానందం గారు అంతా ఓపికగా విని, యాప్ చూసి, నిజంగానే సంతోషించారు.

"పని పూర్తయినట్టు చూపిస్తోందండీ. ఇక పక్క చేలో ఎవరు మందు కొట్టినా మీకు బెంగ లేదు కదండీ."