ఓస్తాప్ చోటు

ఖార్కివ్ నగరంలోని ఆ ప్రయోగ నాటకశాలలో, రాని నటుడి బదులు వేసిన కుర్చీ రెండు మూడు రిహార్సళ్ళకే అతని పాత్ర నేర్చేసుకునేది. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట ఒక కుర్చీ వేసి పని కానిచ్చేయడం అక్కడి అలవాటు. కుర్చీలకు తీరిక ఎక్కువ, శ్రద్ధా ఎక్కువ. నేర్చుకున్నాయి.

ఆ ఏడాది రానివాళ్ళు ఎక్కువయ్యారు. పొద్దున్నే రహస్య పోలీసుల నల్ల మోటారు వచ్చి వాళ్ళను తీసుకుపోయేది. ఎందుకని అడిగినవాళ్ళ చోట కూడా కుర్చీలు వెలిశాయి. ప్రదర్శనలో కుర్చీ విషాదం పలుకుతుంటే జనం చప్పట్లు కొట్టి, ఆహా, ఎంత గొప్ప రూపకం అనుకుంటూ ఇళ్ళకు పోయేవారు. దర్శకుడు మార్కో యుఖీమోవిచ్ పేరు మారుమోగిపోయింది. పాపం, ఆయనకు మాత్రం కంటి మీద కునుకు లేదు. రూపకమన్నాక దేనికి రూపకమో చెప్పి తీరాలని సాంస్కృతిక కమిటీ అధికారి పట్టుబట్టాడు.

“కొత్త మనిషికండీ,” అన్నాడు మార్కో యుఖీమోవిచ్. “ఆకలనడు. పెట్టినచోటే ఉంటాడు.”

అధికారి ముచ్చటపడి ముద్ర వేశాడు.

వేదిక మీద ఎవరి చోటు వాళ్ళకు సుద్దతో గుర్తు పెట్టడం సహాయ దర్శకురాలు సొలోమియా పని. ఒక సోమవారం ఆమె భర్త ఓస్తాప్ రాలేదు. మోటారు వాళ్ళింటికీ వచ్చింది. కుర్చీ పాత్ర నేర్చుకున్నాక ఆ నటుడు తిరిగొచ్చిన దాఖలా ఒక్కటీ లేదు. అందుకని ఓస్తాప్ గుర్తు మీద ఆమె ఏమీ వెయ్యలేదు.

“కుర్చీ వెయ్యమ్మా,” అన్నాడు మార్కో యుఖీమోవిచ్, గొంతు తగ్గించి.

“వస్తాడండీ. రేపో మాపో వచ్చేస్తాడు.”

“ఖాళీ కనిపిస్తే ఎవరిదని అడుగుతారు. కుర్చీ ఉంటే ఎవరూ అడగరు. నా పిల్లల మొహం చూసైనా వెయ్యి.”

ఆమె వెయ్యలేదు. నటులు ఆ ఖాళీని తప్పించుకుంటూ బిక్కుబిక్కుమని తిరిగారు. గురువారం అధికారి వచ్చి దానివంక చూస్తూ నిలబడ్డాడు.

“ఇది దేనికి రూపకం?”

సొలోమియా చేతులు, ఏళ్ళ తరబడి చేసిన పనే గనక, వాటంతట అవే కుర్చీ తెచ్చి గుర్తు మీద వేసేశాయి. ఆమె తేరుకునేసరికి అధికారి తల ఊపి వెళ్ళిపోయాడు.

కుర్చీ బాగా నేర్చుకుంది. మాటకు ముందు ఓస్తాప్ దగ్గే పొడిదగ్గు కూడా పట్టేసింది. అది విన్నప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది. కాస్త ఊరటగానూ ఉండేది, అందుకు తనను తానే తిట్టుకునేది.

చలికాలం చివర్లో ఓస్తాప్ వచ్చాడు, ఎముకల గూడులా. గేటు దగ్గర ముసలి కాపలాదారు మర్యాదగానే ఆపాడు. “ఓస్తాప్ లోపల రిహార్సల్లో ఉన్నాడు బాబూ.” సొలోమియా పరుగున వచ్చి అతన్ని పక్క తలుపులోంచి లోపలికి తెచ్చింది. తెర చాటునుంచి అతను కాసేపు చూశాడు.

“నాకన్నా బాగా చేస్తోంది. మరి నేనెక్కడ నిలబడను, సొలోమియా?”

అది ఆమెకు తెలిసిన పనే. అతని చోట కుర్చీ ఉంది గనక, కుర్చీ చోటు ఖాళీగా ఉంది. సామాన్ల గదిలో సుద్దతో గుర్తు గీసింది. మోకాళ్ళు వంచడం, చేతులు చాపి కదలకుండా ఉంచడం నేర్పింది. ఇక్కడైతే నిన్నెవరూ వెతకరు అని చెప్పింది. రెండు మూడు రిహార్సళ్ళకే నేర్చుకున్నాడు.

తనిఖీకి వచ్చిన అధికారి తిరిగి తిరిగి అలసిపోయి, ఆ గదిలో ఓస్తాప్ ఒళ్ళో కూలబడి సిగరెట్ వెలిగించాడు. ఓస్తాప్ గొంతులో దగ్గు కదిలింది. అధికారి వెంట వచ్చిన సొలోమియా ఒక అడుగు ముందుకేసింది. అంతలో వేదిక మీద కుర్చీ దగ్గింది.

అధికారి లేస్తూ ఓస్తాప్ మోకాలు తట్టి చూశాడు. “గట్టి కర్ర. ఇలాంటివి ఇంకా చేయించండి.”

“చేయిస్తున్నామండీ,” అంది సొలోమియా.