కాటుక పెట్టిన గంటపూలు

ఆదివారం పొద్దున్నే కూర్మారావు టీవీ పక్కన దుమ్ము దులిపి, కప్పు పెట్టడానికి చోటు సిద్ధం చేశాడు. కప్పు ఇంకా రాలేదు. సాయంత్రానికి వస్తుందని బారిడీహ్ కాలనీ అంతా చాటింది మాత్రం ఆయనే. కాలనీ పూల పోటీకి ఆయన బెల్‌ఫ్లవర్ కుండీ వెళ్తోంది మరి. నిటారు కాడ నిండా గుడిగంటల్లాంటి నీలం పూలు.

"ఇలాటి పువ్వు ఇంకోడెవడైనా పూయించమను, మీసం తీసేత్తాను," అన్నాడు పక్కింటి సూర్యంతో.

సూర్యం కూడా అదే మొక్క వేశాడు. అది పెళ్ళిచూపుల్లో పిల్లలా తల ఎత్తదు. "నాది సరదాకి అట్టుకెల్తన్నాను బావా," అన్నాడతను.

ఈ గొప్పలు విని కూర్మారావు భార్య గౌరీదేవికి దిష్టి భయం పట్టుకుంది. మొగుడు స్నానానికి వెళ్ళగానే ప్రతి పువ్వుకూ కాటుకతో దిష్టిచుక్క పెట్టి, పైన పాతచీర కప్పేసింది. చెబితే కసురుతాడని చెప్పలేదు.

పోటీ దగ్గర జడ్జి వసంతలక్ష్మి మేడం తన వరుసకు వచ్చేదాకా ఆయన ఆ ముసుగు తీయలేదు. తీసేసరికి పూలనిండా నల్లమచ్చలు.

మేడం దూరం నుంచే చూసింది. "ఏదో బీమారీలా ఉందే. మిగతావాటికి అంటుకుంటుంది. కళ్ళజోడు తెచ్చుకుంటాను, ఎవరిదో కనుక్కోండి."

కూర్మారావు చుట్టూ చూశాడు. రోగిష్టి మొక్క తనదంటే బారిడీహ్‌లో తలెత్తుకోగలడా? సూర్యం సమోసాలకు వెళ్ళాడు. రెండు కుండీల్లోనూ గుచ్చిన పేరు చీటీలు అటుదిటూ ఇటుదటూ మారిపోయాయి.

మేడం కళ్ళజోడుతో వచ్చి, మచ్చను రుమాలుతో తుడిచి, వాసన చూసి నవ్వింది. "రోగం కాదు, కాటుక. దిష్టి తగలాల్సిన పువ్వే. దీనికే ఫస్టు." చీటీ చదివింది. "సూర్యం ఎవరండీ?"

సూర్యం సమోసా చేత్తోనే వచ్చాడు. తన పేరున్న కుండీని చూసి కళ్ళు నులుముకున్నాడు. "పొద్దున్న ఒంగిపోయుంది మేడం. బావ కుండీ పక్కనెట్టినాను, ఆ చలవే."

అప్పుడే వచ్చిన గౌరీదేవి మొగుణ్ణి గిల్లింది. "మన కుండీకి సూర్యం పేరేటండీ?"

"ఊరుకోయే. చీటీ మార్చినోడెవడని అడుగుతారు."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూర్మారావే. ఆయన ఘనత చూద్దామని వచ్చిన బారిడీహ్ జనం, ఆయన పేరు కింద వాలిపోయిన మొక్కను చూసి మర్యాదగా దగ్గారు.

సాయంత్రం సూర్యం తలుపు తట్టాడు. కప్పుకు దిష్టి తగులుతుందేమోనని, కాస్త కాటుక కావాలట.