రెసిడెన్సీకి గవాయి

మన రాజ్యంల మనిషి ఒక జాగల ఉండుడు వేరు, ఉంటున్నడని నమ్మించుడు వేరు. ఉండేటందుకు నెత్తి మీద ఇంత కప్పు చాలు. నమ్మించేటందుకు మాత్రం తాసీల్ ఆఫీసు, గిర్దావరు, సాక్షులు, ఆ సాక్షులందరి నోట్ల ఒకటే మాట కావాలె. ఈ సంగతి మర్రిగూడ గుర్వయ్యకు తెలిసినంత బాగ ఇంకెవలకు తెల్వదు. (ఆయనకు తెలిసిన సంగతులు అన్ని కలిపినా ఎక్కువ కావు. అందుకే ఉన్నవాటిని జర పదిలంగ పెట్టుకుంటడు.)

గుర్వయ్య మూడో తరగతి దాక చదివిండు. ఆ మూడో తరగతిల పంతులు ఏదో అడిగితే జవాబు రాలే. అప్పటి సంది ఎవలేమడిగినా జవాబు చెప్పుడు తక్కువ చేసిండు. ఊళ్లె అందరు ఆయనను లోతు మనిషి అంటరు. ఆ లోతు ఎంతున్నదో భార్య శ్యామలమ్మకు తెలుసు గాని ఇన్నేండ్ల సంది బయటపెట్టలే.

ఎనకట పింఛను అర్జీ మీద విచారణకు తాసీల్ ఆఫీసు గిర్దావరు వచ్చి, "నువ్వు ఈ ఊళ్లెనే ఉంటున్నవా?" అని గుర్వయ్యను గుర్వయ్య ఇంట్లనే అడిగిండు. గుర్వయ్య అలవాటు ప్రకారం ఊకున్నడు. గిర్దావరు "జవాబు లేదు" అని రాసుకపోయిండు. ఆ దెబ్బకు కొన్ని నెలలు గుర్వయ్య ఏ ఊళ్లె లేకుంట బతికిండు. (ఏ ఊళ్లె లేనోనికి ఆకలైతదా కాదా అన్నదాని మీద జీవో రాలే.) పక్కింట్ల బట్టలు కుట్టే చోటే మియా పోయి 'ఈయన ఈడనే ఉంటడు' అని గవాయి చెప్పినంకనే మల్ల ఊళ్లెకొచ్చిండు.

ఇసొంటి మనిషి ఇంట్లకు మనుమరాలు వర్షిత వచ్చింది. బ్యాగు దించకముందే, "తాతా, అవ్వా, వచ్చే వారం నాకు రెసిడెన్సీ ఇంటర్వ్యూ ఉన్నది. నిమ్మళంగ ప్రిపేర్ కావాలె. జర ఇల్లు సప్పుడు లేకుంట ఉంచుండ్రి" అన్నది.

వర్షిత డాక్టరు చదువు అయిపోయిన పిల్ల. తల్లిదండ్రులు చౌటుప్పల్ల మందుల కంపెనీల పనికి పోతరు. ఆడ అద్దింటి ముంగట లారీల మోత ఆగదు. అందుకే తాతింటికొచ్చింది. హైదరాబాదుల ఒక పెద్ద ట్రస్టు దవాఖానల ఉండి, బొక్కల డాక్టరుగ, అదే ఎముకల డాక్టరుగ, పైచదువు చదివేటందుకు ఒకటే సీటు ఉన్నది. సగం మార్కులు చూస్తరంట, సగం మాట చూస్తరంట. మార్కులల్ల పిల్లకు తిరుగులేదు. నిరుడు మాట కాడనే పోయింది. ఈసారి గిన పోతే బొక్కల చదువు ఆశ ఇడిసిపెట్టి, కంపెనీ క్లినిక్కుల దగ్గు గోలీలు రాసుకుంట కూసుంటనని తల్లికి మాటిచ్చి వచ్చింది.

గుర్వయ్యకు ఇవన్ని ఎవలు చెప్పలే, ఆయన అడగలే. ఆయన చెవుల పడ్డది ఒకటే మాట: రెసిడెన్సీ. మీసేవల రెసిడెన్స్ సర్టిఫికెట్టు కోసం చెప్పులు అరగదీసిన మనిషికి ఆ మాట తెల్వదా? "ఉంటున్నవా లేదా" అని అడుగుడే రెసిడెన్సీ. ఇంటర్వ్యూ అంటే అదే మాట పెద్ద సార్లు అడుగుడు. (డాక్టరు అయినంక గూడ మనిషి ఏడ ఉంటడో తేల్చినంకనే సూది చేతికిస్తరన్నమాట. సర్కారు మస్తు గట్టిగ పనిచేస్తాంది అనుకున్నడు.) అవునా కాదా అని పిల్లను అడగొచ్చు. అడగాలంటే ఒక మాట ఖర్చయితది. గుర్వయ్య పొదుపు మనిషి.

లోపలి అర్రల వర్షిత తయ్యారి మొదలయింది. నల్లగొండల దామోదర్ సార్ అని ఒకాయన ఉన్నడు. డాక్టరు కాదు. డాక్టర్లకు జవాబులు తయారుచేసి ఇస్తడు. ఆయన సంస్థ పేరు 'సమాధాన నిలయం'. అందుల నవ్వు నేర్పే మాస్టారు వేరు, మాటల నడుమ ఆగుడు నేర్పే మాస్టారు వేరు. నిజాయితీకి ప్రత్యేకంగ ఒక మేడం ఉన్నది. (సోమవారం సెలవు.) అందరి పాఠాలు ఫోన్లనే.

నిలయం నియమాలు కఠినమైనవి. ప్రశ్న అడగంగనే జవాబు చెప్పొద్దు. ఆలోచిస్తున్నట్టు కుడిదిక్కు పైకి చూడాలె. ఎడమదిక్కు చూస్తే అబద్ధమని పట్టుకుంటరు. ఓడిపోయిన ముచ్చట అడిగితే ఆఖరికి గెలిచిన ముచ్చటే చెప్పాలె. కండ్లల్లకు నీళ్లు రానియ్యొచ్చు గాని కింద పడనియ్యొద్దు.

"నీ లోపం ఏంది అంటే ఏం చెప్తవమ్మా?" అన్నడు దామోదర్ సార్.

"నాకు పేషంటు పేరు యాదికుండదు సార్. విరిగిన బొక్కనే యాదికుంటది."

"అయ్యో, అది నిజంగ లోపం. లోపం అడిగితే లోపం చెప్తరా ఎవలన్న? 'నేను పని ఎక్కువ చేస్త, అదే నా లోపం' అని తల వంచాలె. సరే, నీది ఏ ఊరు?"

"మర్రిగూడ సార్."

"తప్పు. మర్రిగూడ అంటే సార్లకు ఫ్లోరైడ్ బోరు నీళ్లు యాదికొస్తయి, వంగిన కాళ్లు యాదికొస్తయి. నువ్వు యాదికి రావు. హైదరాబాద్ అను."

"నేను బొక్కల డాక్టరు కావాలనుకున్నదే మా తాత కాళ్లు చూసి సార్. ఆయన లేస్తే రెండు విడుతలుగ లేస్తడు."

ఫోన్ల కొంచెంసేపు సప్పుడు రాలే. (ఆగుడు మాస్టారు చెప్పిన కొలత ప్రకారమే ఆగిండు.) "అది అసలే చెప్పొద్దు" అన్నడు దామోదర్ సార్.

బయట అరుగు మీద గుర్వయ్య తయ్యారి మొదలయింది. సాక్షులు ముగ్గురు: తను, చోటే మియా, ఎదురింటి నర్సింగమ్మ. గిర్దావరు తీరు గొంతు చోటే మియాకే ఉన్నది గనుక ప్రశ్నలు అడిగే పని ఆయనకిచ్చిండ్రు.

"సాక్షి పేరు?" అన్నడు చోటే మియా.

"నా పేరు నీకు తెల్వదా మియా? మొన్ననే నా జాకెట్టు కురుచ చేసిస్తివి" అన్నది నర్సింగమ్మ.

"ఇప్పుడు నేను మియాను కాదు. సర్కారును."

"సర్కారువైతే ముందు జాకెట్టు ముచ్చట తేల్చు."

గుర్వయ్య దగ్గిండు. దగ్గు ఆయనకు ఉపన్యాసం లెక్క.

"సరే సరే. పిల్ల ఏడ పుట్టింది?"

"దేవరకొండ దవాఖానల. శ్యామలక్క ఎంబడి నేనే పోయిన గద."

"ఏడ పెరిగింది?"

"చౌటుప్పల్ల."

"చదివింది?"

"నల్లగొండ హాస్టళ్ల. ఎనక డాక్టరు చదువు మహబూబ్‌నగర్ల."

"అయితే మర్రిగూడల ఎప్పుడున్నది?"

నర్సింగమ్మ గదుమకు చెయ్యి పెట్టుకున్నది. "ఎండాకాలం సెలవులకు వచ్చేది. అప్పుడు గూడ, ఈ నీళ్లు తాగొద్దని వాళ్లమ్మ జల్ది తీస్కపోయేది."

గవాయి ప్రకారం పిల్ల మర్రిగూడది కాదు. దేవరకొండల పుట్టింది గాని ఆడ ఉండలే. చౌటుప్పల్ల ఉన్నది గాని అది అద్దిల్లు. ఇంత చదువు చదివిన పిల్లకు ఉండేటందుకు ఒక ఊరు ఎవలు చూపియ్యలే.

"నిజం చెప్తే కేసు పోతది" అన్నడు గుర్వయ్య.

చానా దినాలకు ఆయన నోరు తెరిచిండు గనుక అది తప్పకుంట గొప్ప మాటే అయి ఉంటదని ఇద్దరు ఒప్పుకున్నరు. అందరు కలిసి ఒకటే జవాబు ఖాయం చేసిండ్రు: ఊళ్లెనే పుట్టింది, ఊళ్లెనే పెరిగింది, ఊళ్లెనే ఉంటది. నర్సింగమ్మ దాన్ని నాటేసేటప్పటి పాట తీరు రాగం తీసి నేర్చుకున్నది. రాగం వద్దని చోటే మియా మొత్తుకున్నడు.

ఇట్ల ఒకటే ఇంట్ల రెండు బళ్లు నడిచినయి. అర్రల పిల్ల మర్రిగూడది కాదని నేర్చుకుంటాంది. అరుగు మీద ముగ్గురు మర్రిగూడదే అని నేర్చుకుంటున్నరు. నడుమ గడప ఒకటే ఉన్నది. రెండు దిక్కుల చాయ్ పోసుకుంట తిరిగిన శ్యామలమ్మకు రెండు పాఠాలు వచ్చినయి. (ఆమెను ఎవలు అడగలే.)

ఇంటర్వ్యూ దినం రానే వచ్చింది. దవాఖానోళ్లు ఎవలను పిలిపిస్తలేరు, కంప్యూటర్లనే మొఖాలు చూసుకునుడు. ఎనక ఏమి కనపడొద్దని నిలయం వారి ఆదేశం; గోడ గూడ గోడ తీరు ఉండొద్దంట. శ్యామలమ్మ గుర్వయ్యకున్న ఒక్క తెల్ల పంచెను పిల్ల ఎనక దండెం మీద ఆరేసింది. గుర్వయ్య లుంగీ మీదనే ఉండాల్సొచ్చింది. సాక్షులు ముగ్గురు పిలుపు కోసం పంచె ఎనక నిలబడ్డరు. పిల్లకు తెల్వదు. చెప్పాలంటే మాట ఖర్చు.

కంప్యూటర్ల ఒక పెద్ద సారు వచ్చిండు, ఒక మేడం వచ్చింది. మూడో సారు మొఖం రాలే, పేరు మాత్రం వచ్చింది. (మొఖం చూపియ్యకుంట కూసునేటోడే అందరికంటె పెద్దోడు. ఇది ఏ ఆఫీసులనైన అంతే.)

ముచ్చటంత ఇంగ్లీషుల నడుస్తాంది. గుర్వయ్యకు ఒక్క ముక్క అర్థం కాలే. తనకు అర్థం కాలేదంటేనే మనుమరాలు మంచిగ చెప్తున్నట్టు గుర్తు అని ఖుషీ అయిండు. పిల్ల లోపం చెప్పి తల వంచింది. ఓటమి చెప్పి గెలిచింది. అప్పుడు పెద్ద సారు ఏదో అడిగిండు. పిల్ల కుడిదిక్కు పైకి చూసి, "హైదరాబాద్, సర్" అన్నది.

ఈ ఒక్క మాట మాత్రం సాక్షులు ముగ్గురికి అర్థమయింది.

"చెడ్డది పని" అన్నడు చోటే మియా మెల్లగ. "పోరి భయానికి వేరే ఊరు చెప్పింది."

గుర్వయ్య పంచె పక్కకు జరిపిండు. పంచె దండెం మీదికెల్లి జారి ఆయన భుజం మీద పడ్డది. లుంగీ మీద ఉన్న మనిషి ఒక్కసారి సభకొచ్చిన పెద్దమనిషి అయిండు.

"అయ్యా, పిల్ల బెదిరింది. ఆమెది ఈ ఊరే. గవాయి ఉన్నది."

"ఊళ్లెనే పుట్టింది, ఊళ్లెనే పెరిగింది..." అని నర్సింగమ్మ రాగం ఎత్తుకున్నది.

"నేను సాక్షిని సర్కార్. నాకు పుట్టకముందు సంది తెలుసు" అని చోటే మియా సలాం చేసిండు.

"తాతా!" అన్నది వర్షిత. ఆ మాట నిలయంల నేర్పింది కాదు.

పెద్ద సారు తెలుగులకు దిగిండు. "మీరెవరు పెద్దాయనా?"

"సాక్షిని."

"దేనికి సాక్షి?"

"రెసిడెన్సీకి."

సారు మేడం దిక్కు చూసిండు. "అమ్మాయి హైదరాబాద్ అన్నది కదా?"

"అది ఆమెకు నేర్పిన మాట సార్. మేం నేర్చుకున్నది వేరే."

"అంటే మీరు కూడా నేర్చుకునే వచ్చారా?"

"ఇసొంటి జాగలల్ల నేర్చుకోకుంట ఎవలు మాట్లాడుతరు సార్?"

మొఖం లేని సారు నవ్వినట్టు వినపడ్డది. ఆ ఎనక నెట్టు పోయింది. (నెట్టే పోయిందో, వాళ్లే తీసేసిండ్రో చెప్పేటందుకు సాక్షులు దొరకలే.)

వర్షిత కుర్చీలనే ఇటు తిరిగింది. "తాతా, రెసిడెన్సీ అంటే ఏందనుకున్నవు?"

"ఉండుడు."

"ఉండుడే. దవాఖానల ఉండి పని నేర్చుకునుడు."

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా?"

గుర్వయ్య లెక్క చూసుకున్నడు. ఇంట్ల ఒక్క మాట మిగిలిచ్చి, పెద్ద సార్ల ముంగట ఉన్నవన్ని ఖర్చు పెట్టిండు. లోతు మనిషి లోతు ఆ దినం ఊరంత చూసింది; మోకాటి మందం గూడ లేదు. పిల్ల నవ్వింది. నవ్వుకుంట పక్క అర్రలకు పోయి తలుపేసుకున్నది. నవ్వు బంద్ అయినంక గూడ తలుపు తెరువలే.

వారం తిరగకముందే ఫలితం వచ్చింది. వర్షిత అరుగు మీద కూసోని అందరికి చదివి వినిపిచ్చింది: "అభ్యర్థి ప్రతిభ నిస్సందేహము. అయితే అభ్యర్థి ఎక్కడివారన్న విషయమై సభ్యుల ఎదుట రెండు విరుద్ధ వాదనలు వచ్చినవి. రెండును చక్కగా అభ్యసించినవే. కావున ఎంపిక చేయబడలేదు."

"చక్కగ అన్నరు గద" అన్నది నర్సింగమ్మ.

అంతలనే దామోదర్ సార్ ఫోన్ చేసిండు. వర్షిత ఫోన్ అందరికి వినపడేటట్టు పెట్టింది.

"బాధపడకమ్మా. సీటు మన నిలయానికే వచ్చింది."

"ఎవలికి సార్?"

"రిత్విక్ అని, బంజారాహిల్స్ పిలగాడు. ఏం చెప్పిండమ్మా! వాళ్ల తాతది మర్రిగూడ అని, ఊరి నీళ్లు తాగి బొక్కలు వంగి మంచం పట్టిండని, ఆయనను చూసే బొక్కల డాక్టరు కావాలనుకున్ననని. ఇంటర్వ్యూల మేడం కండ్లు తుడుచుకున్నదంట. నీళ్లు కింద పడనియ్యలే పిలగాడు."

"ఆ పిలగాని తాత మర్రిగూడల ఏడున్నడు సార్?"

"మీ తాత ఉన్నడు గదమ్మా. నువ్వెట్లాగు చెప్తలేవు, ఆ ముచ్చట ఊకెనే పోతాంది గదాని ఆ పిలగానికిచ్చిన."

"నన్ను మీరే చెప్పొద్దంటిరి."

"నువ్వు చెప్తే అది మీ గోడు అయితదమ్మా. ఆ పిలగాడు చెప్తే సేవ అయితది."

వర్షిత ఫోన్ పెట్టేసింది. తల్లికి ఏమని చెప్పాలెనో ఆలోచిస్తున్నట్టున్నది. ఈసారి కుడిదిక్కు చూడలే, ఎడమదిక్కు చూడలే, కిందికే చూసింది.

"ముబారక్ గుర్వన్నా" అన్నడు చోటే మియా. "బంజారాహిల్స్‌ల మనుమడు పుట్టిండు నీకు."

"మంచం ఎప్పుడు పట్టినవు బావా, మాకు చెప్పనే లేదు?" అన్నది నర్సింగమ్మ.

శ్యామలమ్మ లోపలికెల్లి బువ్వకు పిలిచింది. గుర్వయ్య మొదటి విడుత లేచిండు. రెండో విడుత లేవబోయి ఆగిండు. తను నడిచింది ఎవలన్న చూస్తే ఆ పిలగాని సీటు గూడ పోతదేమోనని, మల్ల కూసున్నడు.