వెనక తలుపు గంట

ఆ పొద్దున తివోంగె వేసుకున్న పథకం చిన్నదే. మందాసీలనే పిండి బూరెలు వేయించి అమ్మే పని తొందరగా ముగించాలి. వేరుశనగ పొడి కలిపి జావ కాయాలి. అది చల్లారకముందే ఆసుపత్రికి వెళ్లి, రాత్రి కాన్పయిన కూతురు వేజి చేత తాగించి, మనవరాలి ముఖం చూడాలి. ఇందులో కష్టమైనది ఒక్కటే. ఆసుపత్రి లోపలికి తన బండి మీద తానే వెళ్లాలి.

చిన్నప్పుడే ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద కపోపో ఊరంతా తిరుగుతుంది. సంతలో బేరం చేస్తుంది, చర్చికి ఆలస్యంగా వచ్చినా ముందు వరసలోకే వెళ్తుంది. ఆసుపత్రి మెట్ల దగ్గర మాత్రం బండి ఆగిపోయేది. అక్కడి కాపలాదారు లుహాంగా ఆమెను వీపున వేసుకుని లోపలికి మోసేవాడు. మంచివాడే. కానీ మోస్తూ మోస్తూ కనబడ్డవాళ్లందరితో కబుర్లు పెట్టుకుంటాడు. పోయిన వానాకాలం ఆమెను వీపు మీద ఉంచుకునే ఒక మేకకు బేరమాడాడు. బేరం కుదరలేదు. కొంచెం దూరం నడిచి, మళ్లీ వెనక్కి తిరిగి బేరమాడాడు. ఆ రోజే తివోంగె ఒట్టు పెట్టుకుంది, ఇక ఎవరి వీపు మీదా ఆ గడప దాటనని.

ఆ ఒట్టు ఆసుపత్రి కమిటీ దాకా వెళ్లింది. ముందువైపు చోటు లేక, వెనక వంటశాల పక్కన సిమెంటు ర్యాంపు కట్టారు. తలుపు తీసి ఉంచితే మేకలు దూరుతున్నాయని లోపల గడియ పెట్టారు. కింద గుంజకు, కూర్చున్నవాళ్లకు అందేంత ఎత్తులో, ఒక లారీ చక్రం రిమ్ము వేలాడదీసి ఇనప ముక్క కట్టారు. అది కొడితే లుహాంగా వచ్చి తలుపు తీయాలి. అంతవరకు బాగానే ఆలోచించారు. కానీ ఎప్పుడో వంతెన దగ్గర పొగాకు లారీ బోల్తా పడినప్పుడు ఊరికి దొరికిన రిమ్ములు రెండు. ఒకటి అప్పటినుంచి బడిగంటగా ఉంది. రెండోది ఇది, కట్టాక ఇంకా ఒక్కసారీ మోగలేదు.

కపోపోలో గంట వేళకు మోగితే బడి. వేళ కాని వేళ మోగితే చావు. మళ్లీ మళ్లీ మోగేకొద్దీ పోయినవాళ్లు అంత పెద్దవాళ్లు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు.

తివోంగె జావ గిన్నెను ఒళ్లో గుడ్డతో కట్టుకుని వచ్చింది. ర్యాంపును కింది నుంచి పైదాకా చూసింది. గోడకు ఆనించిన నిచ్చెనలా ఉంది. ఇనప ముక్క తీసుకుని గంట కొట్టింది. చెవి పక్కనే మోగేసరికి, ఆ చప్పుడు ఎంత దూరం పోతుందో ఆమెకు తోచలేదు.

లోపల లుహాంగా గంట విన్నాడు. పుట్టినప్పటినుంచి ఆ చప్పుడుకు చేసే పనే చేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ముందు తలుపులోంచి బడి వైపు పరుగెత్తాడు.

బడిలో హెడ్మాస్టరు న్యిరోంగో ఖాళీ బెంచీల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరు సార్?" అన్నాడు లుహాంగా రొప్పుతూ.

"ఏం ఎవరు?"

"పోయింది."

"పిల్లలు పోయారు."

లుహాంగా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అందరూనా?"

"అందరూ. ఒక్కడు మిగల్లేదు."

లుహాంగా అరుగు మీద కూలబడ్డాడు. "నిన్న సాయంత్రం కూడా బాగానే ఉన్నారు కదా సార్..."

"ఇప్పుడూ బాగానే ఉన్నారయ్యా! బంతాటకి పోయారు. అసలు గంట కొట్టిందెవరు?"

అప్పుడే గంట మళ్లీ మోగింది. ఇద్దరూ రిమ్ము వైపు చూశారు. రిమ్ము కదలలేదు. దాని మీద కూర్చున్న పిచ్చుక కూడా కదలలేదు. న్యిరోంగో దగ్గరికి వెళ్లి వేలితో ముట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"నేను చదివిందాంట్లో ఇలాంటిది లేదు," అన్నాడు.

అక్కడ ర్యాంపు కింద తివోంగె ఊరకే ఎదురుచూడలేదు. తానే ఎక్కి తలుపు బాదుదామని చేతులతో పెడల్ తిప్పింది. సగం ఎక్కాక చక్రాలు ఒప్పుకోలేదు. బండి వెనక్కి జారి మళ్లీ గంట దగ్గరికే వచ్చింది. వచ్చింది కాబట్టి ఇంకోసారి కొట్టింది. మూడోసారి.

మూడోసారి మోగిందంటే ఊళ్లో అంత పెద్దవాడు ఒక్కడే, ఊరిపెద్ద చిపెటా. చావింటి వంటకని ఆడవాళ్లు పిండి గంపలు, కట్టెల మోపులు నెత్తిన పెట్టుకున్నారు. మగవాళ్లు గుంత తవ్వడానికి పారలు భుజాన వేసుకున్నారు. అందరూ ఏడుస్తూ చిపెటా ఇంటికి చేరారు. చిపెటా చిలగడదుంప నములుతూ బయటికి వచ్చాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

ఏడుపు ఆగిపోయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక ముసలామె నోరు విప్పింది.

"తమరే అనుకున్నామయ్యా."

చిపెటా నోట్లోది మింగాడు. "నాకెవరూ చెప్పలేదే!"

కోప్పడతాడేమో అనుకున్నారు. కానీ చిపెటాకు కోపం కన్నా కుతూహలం ఎక్కువ. గంట నాలుగోసారి మోగింది. తల పక్కకు వంచి విన్నాడు. "నా కన్నా పెద్దవాడెవడో పోయాడన్నమాట. ఎవడో చూడాలి. ఇది బడి వైపు కాదు, రండి."

ఊరు ఊరంతా ఆసుపత్రి వెనక్కి వచ్చింది. గంట చప్పుడు పట్టుకుని లుహాంగా, న్యిరోంగో కూడా వచ్చారు. అక్కడ గంట పక్కన, ఒళ్లో గిన్నెతో, చేతిలో ఇనప ముక్కతో తివోంగె ఉంది.

"ఎవరమ్మా పోయింది?" అన్నాడు చిపెటా.

"ఎవరూ పోలేదు. పోలేకే ఇక్కడున్నా. ఈ లుహాంగాగాడు తలుపు తియ్యడు, ఈ ర్యాంపు ఎక్కనివ్వదు."

లుహాంగా టోపీతో ముఖం కప్పుకున్నాడు. "అయ్యో, తలుపు! అక్కా, నీ గంటని చావుగంట అనుకున్నా. పోనీలే, ఇంతమందిమి ఉన్నాం, వీపెక్కు, ఒక్క గెంతులో లోపలుంటావు."

"నీ వీపు మేకలకి ఉంచుకో! నా కూతురికి జావ తీసుకెళ్తున్నా. మూటలా పోను."

"ర్యాంపు కట్టించాం కదమ్మా," అన్నాడు చిపెటా. కమిటీకి పెద్ద అతనే.

"కట్టించారు. ఎక్కి చూశారా?"

"నేను నడిచి ఎక్కాను. బాగానే ఉంది."

"తమరు ఇందాకే పోయారని వీళ్లంతా అంటున్నారు కదా. ఇక నడవకూడదు. ఈ బండెక్కి చూడండి."

జనంలో ఎవరో నవ్వబోయి దగ్గారు. చిపెటా ర్యాంపును చూశాడు, బండిని చూశాడు. ఆ కుతూహలం అతన్ని ఊరుకోనివ్వలేదు. ఒక చాప పరిపించి ఆమెను మర్యాదగా దాని మీద కూర్చోబెట్టించి, తాను బండెక్కి పెడల్ పట్టుకున్నాడు. కొంత ఎక్కాడు. ముఖం ఎర్రబడింది. ఇంకొంచెం ఎక్కాడు. అక్కడ ఆగి, ఆకాశం చూసి, వెనక్కి జారి, పిండి గంపల్లోకి వచ్చి పడ్డాడు.

లేచాడు. తల నుంచి మోకాళ్ల దాకా తెల్లగా ఉన్నాడు. "ఇది ఎక్కే దారి కాదు," అన్నాడు మెల్లిగా. "దిగే దారి."

అందరూ ఇళ్లకు తిరగబోయారు. అప్పుడు పారలు తెచ్చినవాళ్లలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మరి పారలో?"

చావుకని బయటికి తీసిన పార మట్టి ముట్టకుండా ఇంటికి తిరిగి రాకూడదు. వస్తే ఆ ఇంట్లోనే పని చూసుకుంటుందంటారు. చిపెటా పారల్ని చూశాడు. తివోంగె ర్యాంపును చూసింది. చిపెటా కూడా ర్యాంపును చూశాడు.

"ఇక్కడే తవ్వండి," అన్నాడు. "గుంత కాదు. మట్టి తెచ్చి దీని కాలు సాగదీయండి. పైదాకా పరవండి. అదుగో, వంటశాల ముందున్న ఆ వేపుడు మూకుడు బోర్లిస్తే ఎంత వాలు ఉంటుందో అంతే ఉండాలి."

"ఇంకొంచెం తగ్గాలి," అంది తివోంగె చాప మీంచి.

ఇంకొంచెం తగ్గించారు. మట్టి జారకుండా రెండువైపులా చావుకు తెచ్చిన కట్టెలే పేర్చి, పిల్లలందరి చేతా తొక్కించారు. పిల్లలు బడికి ఎప్పుడూ అంత బుద్ధిగా రాలేదని న్యిరోంగో గమనించాడు. మిగిలిన పిండితో ఆడవాళ్లు అందరికీ సిమా ముద్ద వండేశారు.

ఎండ తిరిగే వేళకు తివోంగె బండెక్కింది. లుహాంగా లోపలినుంచి వెళ్లి తలుపు తీసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, మళ్లీ ఏ చప్పుడుకు పరుగెత్తుతానోనని. ఆమె పెడల్ తిప్పింది. ఎవరూ ముట్టుకోలేదు. మట్టి మీద చక్రాల చప్పుడు మెత్తగా ఎక్కి, గడప దాటి, లోపలికి పోయింది.

వేజి పక్కమీద లేచి కూర్చుని ఉంది. "అమ్మా, పొద్దున్నుంచీ బయట ఒకటే ఏడుపులు. ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు. నేను వచ్చాను," అంది తివోంగె. గిన్నె మూత తీసి చూసింది. "జావ చల్లారింది. పిల్లనిలా ఇయ్యి, నువ్వు ఇది తాగు." మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, ఆ గది కొసనుంచి కొసదాకా బండి మీద తిప్పింది.

మర్నాడు పొద్దున, సరైన వేళకే, న్యిరోంగో బడిగంట కొట్టాడు. ఆసుపత్రి వెనక తలుపు వెంటనే తెరుచుకుంది. పిల్లలు మాత్రం ఒక్కరూ రాలేదు.