ఓటు అమ్మకు

రెండో శనివారం కదా, టిఫిన్ వేళకల్లా పోస్టర్లన్నీ అంటించేసి ఇంటికొచ్చి, ఎవరైనా మెచ్చుకుంటే వినయంగా నవ్వాలని డ్రాయింగ్ మాస్టరు ఎల్లేశ్ అనుకున్నాడు. ఇబ్రహీంపట్నంలో మున్సిపల్ ఎన్నికలకు నామినేషన్లు పడుతున్న రోజులవి. ఓట్లు కొనేవాళ్లన్నా, ఓటర్లను బెదిరించి ఇంట్లో కూర్చోబెట్టేవాళ్లన్నా ఆయనకు ఒళ్లు మంట.

బస్టాండు ముందర జొన్నరొట్టెలు చేసే నర్సింహమ్మను పోస్టరు మీద గీశాడు. ఫోన్లో దూరం నుంచి ఫొటో తీసుకున్నాడే గానీ ఆమెను అడగలేదు. బొమ్మలో నర్సింహమ్మ సిరా చుక్క పెట్టిన వేలు పైకెత్తి నిలబడింది. పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో ‘ఓటు అమ్మకు’. కింద చిన్నగా ‘బెదిరిస్తే భయపడకు’. ప్రాస కుదిరిందని రెండు రోజులు మురిసిపోయాడు.

ఎనిమిదింటికల్లా నర్సింహమ్మ పొయ్యి చుట్టూ జనం మూగారు.

"అమ్మా, ఏ పార్టీ నుంచి?"

"పార్టీ ఏంది?"

"గోడల నిండ నీ బొమ్మనే ఉంది. ఓటు అమ్మకు వెయ్యమని రాసిన్రు."

ఆమె పిండిముద్ద చేతిలోనే పట్టుకుని గోడల వైపు చూసింది. ఇంతలో ఒక అభ్యర్థి అనుచరుడు మల్లేశయ్య బండి దిగాడు.

"ఎవల్నడిగి నిలబడ్డవ్? రేపటిసంది నీ పొయ్యి ఈడ కనబడొద్దు!"

"నేను నిలబడ్డనా? పొద్దుగాలసంది కూసోనే ఉన్న గదా!"

చాయ్ హోటల్లో ఈ సంగతి వినగానే ఎల్లేశ్ గొంతులో చాయ్ అడ్డం పడింది. బెదిరింపులు వద్దని తాను వేసిన పోస్టరు వల్లే ఆమెకు బెదిరింపు వచ్చింది. వెళ్లి ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు. రంగు డబ్బా తీసుకుని పక్క సందులోంచి పోయి, ‘అమ్మకు’ను ‘అమ్మకండి’గా దిద్దడం మొదలుపెట్టాడు. ఇక ఎవరూ పొరబడరనుకున్నాడు.

మూడో పోస్టరు దగ్గర ఒక ఆటో ఆగింది. "ఓటు ఎవరికి? అమ్మకండీ!" అని డ్రైవరు రాగం తీసి చదివాడు. "మస్తు రాసినవ్ సారూ. అమ్మ గెలిచినట్టే!"

ఆటో వెనకే ఎన్నికల తనిఖీ జీపు ఉంది. అనుమతి లేని ప్రచారమని ఎల్లేశ్‌ను, రొట్టె తడుతున్న చేతులతోనే నర్సింహమ్మను ఆఫీసుకు పట్టుకెళ్లారు.

"నామినేషన్ వేసినవా అమ్మా?" అధికారి అడిగాడు.

"నేనేం వెయ్యలే సారూ. రొట్టెలు తప్ప నాకేం తెల్వదు."

ఎల్లేశ్ లేచి నిలబడి, తలెత్తకుండా జరిగిందంతా చెప్పాడు. అధికారి నవ్వాపుకుంటూ ఓటర్ల జాబితా తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ నవ్వు మానేశాడు.

"ఇందులో నీ పేరే లేదు. చనిపోయినవని కొట్టేసిన్రు. సాయన్న ఎవరు?"

"నా పెనిమిటి. పోయి ఆరేండ్లాయె."

"ఆయన పేరు ఉంది."

నర్సింహమ్మ ఎల్లేశ్ వైపు తిరిగింది. "పోయినసారి పేరు లేదని నన్ను లైన్లకెల్లి ఎల్లగొట్టిన్రు. బొమ్మ వేలికి సిరా పెట్టినవ్ గానీ, నా వేలికి ఉన్నదో లేదో చూసినవా సారూ?"

ఎల్లేశ్‌కు నేల చీలితే బాగుండుననిపించింది. నెల రోజులుగా ఆమె చేతి రొట్టెలే తింటూ, ఆ చేతినే గీస్తూ, ఒక్క మాట అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె పేరు మళ్లీ చేర్చే దరఖాస్తు తానే నింపి, ప్రతి లైనూ చదివి వినిపించి వేలిముద్ర వేయించాడు. మల్లేశయ్య మీద ఫిర్యాదు కూడా రాయించాడు. సాయంత్రం దాకా పోస్టర్లన్నీ గీకాడు. దారిన పోయేవాళ్లు "అమ్మ ఓడిపోయిందా సారూ?" అని అడుగుతుంటే చెవులు కాలిపోయాయి.

అనుబంధ ఓటర్ల జాబితాలో ఆమె పేరు వచ్చింది. పోలింగ్ రోజున నర్సింహమ్మ నిజంగానే సిరా వేలితో బయటికొచ్చింది. బెదిరించిన మల్లేశయ్య పోలీసులను చూసి పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

తర్వాతి ఎన్నికలకు ఎల్లేశ్ పోస్టరు మీద తన బొమ్మే గీసుకున్నాడు. ఏ పార్టీ అని ఒక్కరూ అడగలేదు.