మంగ ఉండే వీధి

ఆదివారం పొద్దున్నే దత్తాత్రేయులు ఒక నిర్ణయానికి వచ్చాడు. కాఫీ తాగేసి, గది తలుపు దగ్గరగా వేసుకుని, మంగ ఏ ఊళ్లో ఉంటుందో ఇవాళ తెలుసుకోవాలి.

అతను తిరువూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు సంస్కృతం చెబుతాడు. ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లిచూపులకు వెళ్లడం మానుకున్నాక ఫోనులో ఒక ఆట పట్టుకున్నాడు. అందులో ఒక కోట, ఒక ఏరు. ఆడేవాళ్లు తలో వేషం ఎత్తుకుని మాటలతోనే కథ నడుపుతారు. దత్తాత్రేయులు కోట కాపలాదారు, మంగ పడవ నడిపే మనిషి. కోటలో ఎవరూ బయటి లోకం మాట ఎత్తకూడదు. ఎత్తితే నెల్లాళ్లు వెలి. భోజనానికి లేవాలన్నా, "గుర్రానికి నీళ్లు పెట్టి వస్తాను" అనాలి. ఏడాదిగా రోజూ ఆమె గొంతు వింటున్నాడు. ఎలా తుమ్ముతుందో తెలుసు, అసలు పేరు తెలియదు.

అందుకని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆటలోకి వెళ్లి, వేషం చెడకుండానే అడిగాడు, ఏరు దాటాక ఆమె ఇల్లు ఎటువైపని. పొద్దు వాలే వైపు అంది మంగ. దానితో ఏం తేలుతుంది?

ఇంతలో వీధిలోకి మామిడిపళ్ల ఆటో వచ్చింది. "రసాలండీ, చెరుకు రసాలు" అని మైకు అరిచింది. ఒక్క క్షణం ఆగి అదే కేక మంగ వైపు నుంచి కూడా సన్నగా చెవిలో పడింది. దత్తాత్రేయులు చటుక్కున లేచాడు. మంగ ఈ ఊళ్లోనే ఉంది. పక్క వీధిలోనే ఎక్కడో ఉంది.

ఇయర్‌ఫోన్లు తీయకుండానే చెప్పులేసుకున్నాడు. తల్లి రమాసుందరి ఎక్కడికని అడిగితే, గుర్రానికి నీళ్లు పెట్టి వస్తానని చెప్పి బయటపడ్డాడు.

ఆటోకు దగ్గరయ్యే కొద్దీ మంగ వైపు కేక కూడా పెద్దదవుతోంది. సరైన దారిలోనే వెళ్తున్నానని అతనికి నమ్మకం కుదిరింది. మాట ఆగితే ఆమె వెళ్లిపోతుందేమోనన్న భయంతో మళ్లీ అడిగాడు. "దాచకుండా చెప్పు. ఎక్కడి నుంచి వస్తున్నావు?"

ఆటో నడుపుతున్న బసవపున్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఇస్త్రీ చొక్కా, చెవుల్లో వైర్లు, అడుగడుక్కీ ప్రశ్నలు. ఎవరో తనిఖీకి వచ్చిన ఆఫీసరే అనుకున్నాడు. "రెడ్డిగూడెం తోటవండి. మందు వేసి మగ్గబెట్టినవి కాదండి" అని విన్నవించుకున్నాడు.

ఆ మాటలు కోటలో అందరికీ వినిపించాయి. మందంటే విషమే అన్నాడు సేనాపతి. ఎవరో గూఢచారి దొరికాడు, అంతఃపురంలో విషప్రయోగానికి కుట్ర జరుగుతోంది అన్నారు మిగతావాళ్లు. కోటపాలకుడు వెంటనే రేవు మూసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. పడవలన్నీ అవతలి ఒడ్డుకు పోవాలి.

"ఇక సెలవు, కాపరీ" అంది మంగ. ఆ గొంతులో దిగులు ఆటలోదో నిజమైనదో అతనికి అర్థం కాలేదు.

అప్పుడే బసవపున్నయ్య భయపడి ఒక పచ్చగేటు ముందు ఆటో ఆపేశాడు. కేక రెండు వైపులా సమానంగా మోగింది. ఇదే ఇల్లు. దత్తాత్రేయులు గేటు కొట్టాడు. ఇంటావిడ ప్రేమావతి బయటికి వచ్చింది. ఇక్కడ ఒక అమ్మాయి ఉండాలండీ అన్నాడతను. అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది, పై వాటా ఖాళీగానే ఉంది అందావిడ. "ఎంతమంది ఉంటారు బాబూ?"

"ఒక్కడినేనండి."

"పెళ్లి కానివాళ్లకి ఇవ్వం బాబూ."

ఇయర్‌ఫోనులో మంగ నవ్వింది. అది పడవ మనిషి నవ్వు కాదు. ఆ నవ్వుతో దత్తాత్రేయులు నియమం, కోట, గుర్రం అన్నీ మరిచిపోయాడు. "మీరు తిరువూరులో ఏ ఇంట్లో ఉంటారండి? నేను మీ వీధిలోనే నిలబడ్డాను."



"మాది పార్వతీపురం అండి" అంది ఆమె నెమ్మదిగా. "చెవి నొప్పని ఫోను స్పీకర్లో పెట్టుకుంటాను. ఆ మామిడిపళ్ల కేక మీ దగ్గర నుంచే వస్తోంది. ఇక్కడ మోగి మళ్లీ మీకే వినిపిస్తున్నట్టుంది."

ఏడాదిగా తన మాటలు కూడా తనకు రెండేసిసార్లు వినిపించడం అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఏటి ఒడ్డు కదా, ప్రతిధ్వని ఉంటుందనుకున్నాడు.

"మీ పేరేంటండి?"

"నా పేరు..." అందామె. అక్కడితో మాట తెగిపోయింది. ఇద్దరికీ నెల్లాళ్లు వెలి అని తెర మీద అక్షరాలు పడ్డాయి.

బసవపున్నయ్య రెండు పళ్లు చేతిలో పెట్టి, తిని చూడండి సార్ అంటూ ఆటో లాగించాడు. కేక మలుపు తిరిగి వినిపించకుండా పోయింది. దత్తాత్రేయులు ఎండలో అలాగే నిలబడ్డాడు. ఏడాదంతా కాపరీ అని పిలిచిన మనిషి ఇవాళ తనను అండి అంది. ఎదురుగా కూర్చుని ఆ ఒక్క మాట మళ్లీ అనిపించుకోవాలని ఎంత బలంగా అనిపించిందంటే, ఇంటికి పోవాల్సిన కాళ్లు బస్టాండుకు నడిచాయి.

పార్వతీపురానికి నేరుగా బస్సు లేదు, విజయవాడ వెళ్లి రైలెక్కాలి అన్నాడు అక్కడి కంట్రోలరు. అంత దూరం ఎందుకో అర్థం కాక, అక్కడ చుట్టాలున్నారా సార్ అని అడిగాడు.

"ఇంకా లేరండి" అన్నాడు దత్తాత్రేయులు.