పైలోకపు నోట్లు

ఖాంగ్‌కి ఆస్ట్రేలియా దేశం మీద కోపం లేదు. ఆ దేశం నుంచి వీపున మూట వేసుకుని హనోయిలో దిగిన ఫ్లిన్ అనే కుర్రాడి మీదే కోపం. దొంగ దోచుకుంటే నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. ఫ్లిన్ చేసింది చెప్పుకోవడానికి కూడా లేదు.

ఆ రోజు పౌర్ణమి. ఖాంగ్ పొద్దున్నే వేసుకున్న పథకం చాలా చిన్నది. సరస్సు ఒడ్డున కాఫీ తాగాలి, పిట్టల ముసలాయనతో పిగిలిపిట్ట బేరం ఖాయం చేసుకోవాలి, సాయంత్రం డబ్బు పట్టుకెళ్ళి పంజరం ఇంటికి తెచ్చుకోవాలి. పాటల పోటీలో రెండుసార్లు గెలిచిన పిట్ట. ఖరీదు పద్నాలుగు వందల డాలర్లు. ఆ డబ్బు కోసం మూడేళ్ళుగా తమ లాడ్జి గదుల అద్దెలోంచి, భార్య మియెన్‌కి తెలియకుండా, ఒక్కొక్క వంద నోటే తప్పించి కూడబెట్టాడు.

మియెన్ ఉన్న ఇంట్లో డబ్బు దాచడం మాటలు కాదు. బూట్లలో పెడితే బూట్లు దులిపింది. గోడగడియారం వెనక పెడితే గడియారం ఆలస్యంగా నడుస్తోందని విప్పింది. చివరికి ఖాంగ్ చనిపోయిన తల్లి పటం ముందుకు చేరాడు. పైలోకంలో ఆవిడ ఖర్చులకని పౌర్ణమి పౌర్ణమికీ కాల్చే కాగితపు డాలర్లు అక్కడ కట్టలుగా పేర్చి ఉంటాయి. అడుగు కట్ట మధ్యలో అసలు నోట్లు దూర్చాడు. కాల్చేది ఎప్పుడూ తనే. ఇక మియెన్ అంటారా, అత్తగారు బతికున్నప్పుడే ఆవిడ ఛాయలకు పోలేదు, పోయాక పటం దగ్గరకు మాత్రం ఎందుకు పోతుంది?

ఫ్లిన్, అతని పెళ్ళాం టెస్సా ఖాంగ్ లాడ్జిలో దిగి అప్పటికి మూడో రోజు. మొదటి రోజు టాక్సీవాడు రెండు వీధుల దూరానికి వాళ్ళను ఊరంతా తిప్పాడు. అప్పటినుంచి ఆ దంపతులు ఊరికే ఇచ్చిన టీ కూడా వాసన చూసిగాని తాగలేదు. సంచులను గొలుసుతో మంచానికి కట్టుకున్నారు. రెండో రోజు తాళంచెవి ఎక్కడ దాచారో మరిచిపోయి గొలుసును ఖాంగ్ చేతే కోయించారు.

"చూశావా, ఎంత తేలిగ్గా కోశాడో! అలవాటున్న చెయ్యి," అంది టెస్సా.

"అద్దె కోసం మనమిచ్చిన వంద నోటును దీపానికి పెట్టి మరీ చూశాడు. దొంగకే దొంగ నోటు తెలుస్తుంది," అన్నాడు ఫ్లిన్.

అలాంటి ఫ్లిన్ పౌర్ణమినాడు తెల్లవారుతూనే మెట్లు దిగుతూ, పటం ముందు గోడవైపు తిరిగి నిలబడి డాలర్లు లెక్కపెడుతున్న ఖాంగ్‌ని చూశాడు. వెంటబడ్డాడు. మోటారు సైకిళ్ళ వరదలో వీధి దాటడానికే పావుగంట పట్టినా, కాఫీ దుకాణం దగ్గర మనిషిని పట్టుకున్నాడు. ఖాంగ్ ఒక ముసలాయన చెవిలో ఏదో గొణిగి, వేళ్ళతో పది, నాలుగు చూపించాడు. పక్కన గుడ్డ కప్పిన పంజరం ఉంది. ఫ్లిన్ ఊళ్ళో పిట్టను గుడ్డ కప్పి కాఫీకి తీసుకెళ్ళే మగవాళ్ళు లేరు.

మొగుడూ పెళ్ళాలు కలిసి వచ్చి, కూర ఏరుతున్న మియెన్‌కి సంగతి చెప్పేశారు.

"మీ ఆయన దొంగ నోట్లు అచ్చేస్తున్నాడండీ. పటం దగ్గర కట్టలకు కట్టలున్నాయి!"

మియెన్ పగలబడి నవ్వింది. "అయ్యో నా తల్లీ! అవి చచ్చినవాళ్ళకి పంపేవి. ఆటకాగితాలు!"

"మరి చచ్చినవాళ్ళ డబ్బు రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టాడు?" అన్నాడు ఫ్లిన్.

మియెన్ నవ్వు ఆగింది. "ఎన్నిసార్లు?"

"రెండు. వేలు తడి చేసుకుని మరీ. కింది కట్టలోంచి తీసి, పద్నాలుగు లెక్కపెట్టి, మళ్ళీ అందులోనే పెట్టాడు."

"బాబూ, నువ్వు చాలా మంచివాడివి," అంది మియెన్. "సాయంత్రం మీరిద్దరే మీ చేతుల్తో కాల్చండి. అనుమానం తీరిపోతుంది."

వాళ్ళను నూడుల్స్ తినడానికి పంపించి, మియెన్ అత్తగారి పటం ముందు చాలాసేపు ఒంటరిగా నిలబడింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

ఐదు గంటలకు ఖాంగ్ ఈల వేసుకుంటూ డబ్బుకోసం ఇంటికొచ్చాడు. వాకిట్లో రేకు డబ్బాలో మంట. పక్కన ఫ్లిన్ గొంతుకూర్చుని భక్తిగా నోట్లు వేస్తున్నాడు. టెస్సా వీడియో తీస్తోంది. మియెన్ చేతిలో ఉన్నది అడుగు కట్ట.

"ఇది అచ్చం అసలుదాన్లా ఉందండీ! వెలుతురులో లోపల బొమ్మ కూడా కనిపిస్తోంది," అన్నాడు ఫ్లిన్, కట్ట పైనున్న నోటు పట్టుకుని.

మియెన్ మొగుడివైపు తిరిగింది. "పెద్దాడి నాన్నా, నువ్వే కదా కొనుక్కొచ్చావు? అసలుదా, ఉత్తదా? అసలుదైతే చెప్పు, తీసి బీరువాలో పెడతాను."

ఖాంగ్ నోటువైపు ఒకసారి, పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు. అసలుదంటే మూడేళ్ళ లెక్క అప్పజెప్పాలి.

"ఉత్తదే. ఈ మధ్య బాగా అచ్చేస్తున్నారు," అన్నాడు.

నోటు మంటలో పడింది. వెనకాలే కట్టంతా పడింది. ఖాంగ్ కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మంటే ఎంత ప్రేమో పాపం," అంది టెస్సా.

"పొగ," అన్నాడు ఖాంగ్.

పిట్టను ఆ రాత్రే ఇంకెవరో కొనుక్కుపోయారు. ఫ్లిన్ దంపతులు వెళుతూ వెళుతూ ఇంటర్నెట్‌లో లాడ్జికి ఐదు చుక్కలు వేసి, "ఇంటాయన తల్లిని తలచుకుని ఏడ్చాడు, నమ్మదగిన మనిషి," అని రాశారు.

పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజు మియెన్ చేతికి కొత్త బంగారు గాజు కనిపించింది. ఖాంగ్ దాన్ని చాలాసేపు చూశాడు.

"ఎక్కడిదది?"

"మీ అమ్మ కలలోకొచ్చిందయ్యా. డబ్బు అందిందట. అంత తనకెందుకు, కోడలికి ఓ గాజు కొనుక్కోమంది," అంది మియెన్. "ఏం, నీకేమైనా అనుమానమా?"

"నాకెందుకు అనుమానం?" అన్నాడు ఖాంగ్.

అతను పోగొట్టుకున్నది మొత్తం పద్నాలుగు వందల డాలర్లు. అందులో వాళ్ళమ్మకు ముట్టింది వంద.